ఊపిరి పోసేవాళ్ల ఊపిరి

శ్రీహరికోట పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. రాకెట్లు ఎగిరే చోటు అది. ఒకపక్క బంగాళాఖాతం. ఇంకోపక్క పులికాట్ సరస్సు. నడుమ పొడవాటి దీవి. సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వేసిన రోడ్డున అక్కడికి పోవాలి. 1971 అక్టోబర్ 9న ఇక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. శ్రీహరికోట ముందు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉంది.

ఇక్కడ రాకెట్లకు కావలసిన ఇంధనం తయారవుతుంది. ఒక్క పీఎస్ఎల్‌వీ రాకెట్ అడుగు భాగంలోనే దాదాపు 139 టన్నుల ఇంధనం పడుతుంది. అది గట్టిగా, ముద్దలా ఉంటుంది. దానికి ఒక్క నిప్పురవ్వ తగిలినా ఇంకేముంది? అందుకే ఇంధనం ఉన్న చోటికి అగ్గిపెట్టె పోకూడదు. లైటర్ పోకూడదు. బీడీ, సిగరెట్ మాట అసలే వద్దు. పెద్ద ఇంజినీరుకైనా, రోజు కూలీకైనా నియమం ఒకటే. ఈ నియమం ఎందుకని ఎవరూ అడగరు. ఎందుకో అందరికీ తెలుసు.

ఆసుపత్రి కూడా అటువంటి చోటే. అక్కడ ఆక్సిజన్ ఉంటుంది. ఊపిరి ఆడని రోగులు ఉంటారు. అక్కడ కూడా నిప్పు, పొగ ఉండకూడదు. కానీ ఏ ఊరి ఆసుపత్రికైనా పోయి చూడండి. వెనక గోడ దగ్గరో, సైకిల్ స్టాండు పక్కనో, గేటు ముందు టీ బంకు దగ్గరో పొగ కనిపిస్తుంది. తాగేది రోగుల బంధువులు మాత్రమే కాదు. ఆసుపత్రిలో పని చేసేవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. వార్డుబాయిలు ఉంటారు. అంబులెన్సు డ్రైవర్లు ఉంటారు. డాక్టర్లూ ఉంటారు.

పొగ తాగితే చెడు అని వీళ్లకు తెలియదా? తెలుసు. అందరికంటే బాగా తెలుసు. మరి ఎందుకు తాగుతారు? కరోనా కాలంలో ఈ అలవాటు వాళ్లకు ఎలా ముప్పు తెచ్చింది? దీన్నుంచి బయటపడే దారి ఏమిటి? ఈ సంగతులు తెలుసుకుందాం.

కరోనా వచ్చిన రోజులు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారి అని ప్రకటించింది. మహమ్మారి అంటే దేశదేశాలకు పాకిపోయే పెద్ద అంటువ్యాధి. ఆ మరునాడే, అంటే మార్చి 12న, ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు బయటపడింది. అది నెల్లూరులోనే. ఇటలీ నుంచి తిరిగి వచ్చిన ఒక యువకుడికి ఆ జబ్బు ఉందని తేలింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు ఆగాయి. రైళ్లు ఆగాయి. బడులు మూసేశారు.

శ్రీహరికోటలో రాకెట్లు కూడా ఆగాయి. 2019 డిసెంబర్ 11న ఒక రాకెట్ ఎగిరింది. ఆ తర్వాతది 2020 నవంబర్ 7న ఎగిరింది. నడుమ దాదాపు 11 నెలలు ఆకాశం వైపు ఏదీ లేవలేదు.

అన్నీ ఆగాయి గానీ ఆసుపత్రి ఆగలేదు. నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిని, తిరుపతిలో పద్మావతి ఆసుపత్రిని కరోనా రోగుల కోసమే కేటాయించారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోగులు అక్కడికే పోయేవాళ్లు. డాక్టర్లు, నర్సులు, ఆయాలు, వార్డుబాయిలు, పారిశుద్ధ్య కార్మికులు, అంబులెన్సు డ్రైవర్లు రాత్రీ పగలూ పని చేశారు. ఊళ్లలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇల్లిల్లూ తిరిగారు.

వాళ్ల పని ఎంత కష్టమో ఒకసారి ఊహించండి. ఒళ్లంతా కప్పే పీపీఈ కిట్టు వేసుకోవాలి. ముక్కుకు, నోటికి ఎన్95 మాస్కు బిగించాలి. కళ్లకు అద్దాలు, చేతులకు రెండు జతల తొడుగులు. ఎండాకాలంలో లోపల చెమట కాలవ కట్టేది. ఒకసారి వేసుకుంటే ఆరు గంటలు, ఒక్కోసారి ఎనిమిది గంటలు తీయడానికి లేదు. మంచినీళ్లు తాగడానికి లేదు. ఒంటికి పోవడానికీ లేదు. డ్యూటీ అయ్యాక ఇంటికి పోవాలంటే భయం. పిల్లలకు అంటుతుందేమో! ముసలి తల్లికి అంటుతుందేమో! చాలామంది వారాల తరబడి ఇంటికి పోకుండా హాస్టళ్లలో, లాడ్జీల్లో ఉండిపోయారు. కళ్ల ముందు మనుషులు చనిపోయేవాళ్లు. తోటి ఉద్యోగులు చనిపోయేవాళ్లు. ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలి?

డ్యూటీ అయ్యాక ఒక దమ్ము

ఒక వార్డుబాయి సంగతి అనుకుందాం. ఆరు గంటల డ్యూటీ అయింది. కిట్టు విప్పాడు. చేతులు కడిగాడు. ఒళ్లు హూనమైపోయింది. మనసు ఇంకా హూనమైంది. నేరుగా వెనక గోడ దగ్గరికి పోయాడు. అక్కడ మరో ఇద్దరు ఉన్నారు. ఒకడి దగ్గర బీడీ కట్ట, ఇంకొకడి దగ్గర అగ్గిపెట్టె. ముగ్గురూ ముట్టించారు. రెండు దమ్ములు లాగేసరికి "అబ్బా! ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది" అనుకున్నాడు.

అతన్ని తిట్టడం సులువు. కానీ అతని కష్టం చూసినవాళ్లు తిట్టలేరు. తిట్టినంత మాత్రాన ఎవరూ పొగ మానలేదు కూడా. అసలు ఆ గోడ దగ్గర ఏం జరిగిందో చూడాలి.

వార్డులో ఆరు గంటలు మాస్కు తీయకుండా తనను తాను కాపాడుకున్నాడు. ఇక్కడ మాస్కు తీశాడు. తీయక తప్పదు, మాస్కు పెట్టుకుని పొగ తాగలేం కదా. తీసేటప్పుడు మాస్కు ముందు భాగాన్ని వేళ్లతో పట్టుకున్నాడు. ఆ వేళ్లే మళ్లీ నోటి దగ్గరికి పోయాయి. ఒకరి అగ్గిపెట్టె ముగ్గురి చేతులు మారింది. ఒకే బీడీని ఇద్దరు పంచుకుంటే ఇంకా ముప్పు. ముగ్గురూ దగ్గరదగ్గరగా నిలబడ్డారు. పొగ వదిలారు, దగ్గారు, మాట్లాడుకున్నారు. వార్డులో అంటని జబ్బు ఈ గోడ దగ్గర అంటుకోవచ్చు.

ఇంకో సంగతి. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో సారాయి జాతి ద్రవం ఉంటుంది. అది ఇట్టే అంటుకుంటుంది. చేతులు పూర్తిగా ఆరకముందే అగ్గిపుల్ల గీస్తే చెయ్యి కాలుతుంది.

ఆకు, వక్కలతో పొగాకు నమిలేవాళ్లు, ఖైనీ, గుట్కా వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఉమ్మక తప్పదు. ఉమ్మిలో జబ్బు క్రిములు ఉంటాయి. అందుకే 2020 ఏప్రిల్ 15న కేంద్ర ప్రభుత్వం లాక్‌డౌన్ నియమాల్లో బహిరంగంగా ఉమ్మడాన్ని నిషేధించింది. గుట్కా, పొగాకు అమ్మకాలను కూడా ఆపమంది.

ప్రాణం లేచొచ్చిందా?

"పొగ తాగితే టెన్షన్ తగ్గుతుంది." ఈ మాట చాలామంది అంటారు. ఇది నిజమేనా?

పొగాకులో నికోటిన్ అనే మత్తు పదార్థం ఉంటుంది. దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో అది మెదడుకు చేరుతుంది. మెదడులో హాయి పుట్టిస్తుంది. కానీ ఆ హాయి నిలవదు. రెండు గంటల్లో ఒంట్లో ఉన్న నికోటిన్ సగానికి తగ్గిపోతుంది. అప్పుడు మెదడు మళ్లీ కావాలంటుంది. చిరాకు పుడుతుంది. చేతులు ఊరుకోవు. పని మీద మనసు నిలవదు. తలనొప్పి వస్తుంది. మళ్లీ ఒక బీడీ తాగితే ఇవి తగ్గుతాయి.

అంటే ఏమిటి? చిరాకు పుట్టించింది పొగాకే. దాన్ని కాసేపు తగ్గించిందీ పొగాకే. ఇది అప్పులవాడి లెక్క వంటిది. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు ఇస్తాడు. మనం "ఆదుకున్నాడు" అనుకుంటాం. అసలు మాత్రం అలాగే ఉంటుంది. వడ్డీ పెరుగుతుంది.

కరోనా వార్డులో ఆరు గంటలు కిట్టులో ఉన్న మనిషికి నికోటిన్ అందదు. మామూలు అలసటకు ఈ చిరాకు తోడవుతుంది. పొగ అలవాటు లేని తోటి ఉద్యోగికి కష్టం ఒకటే. అలవాటు ఉన్నవాడికి కష్టాలు రెండు. బయటికి రాగానే దమ్ము లాగితే తగ్గేది ఆ రెండో కష్టమే. మొదటి కష్టం ఎక్కడికీ పోదు.

పొగ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుంది?

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవి. బీడీ చిన్నదే కదా, ఆకుతో చుట్టిందే కదా అనుకోవద్దు. బీడీ పొగా, చుట్ట పొగా, సిగరెట్ పొగా అన్నీ హాని చేసేవే.

మన గాలి గొట్టాల లోపల సన్నటి నూగు ఉంటుంది. అది చీపురులా పని చేస్తుంది. లోపలికి వచ్చిన దుమ్మును, క్రిముల్ని, కఫాన్ని బయటికి ఊడుస్తుంది. పొగ ఈ చీపురును పాడు చేస్తుంది. ఇల్లు ఊడ్చేవాళ్లు లేకపోతే చెత్త పేరుకోదా? అలాగే ఊపిరితిత్తుల్లో కఫం, క్రిములు పేరుకుంటాయి.

పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. మన నెత్తురు ఆక్సిజన్‌ను ఒళ్లంతా మోసుకుపోతుంది. కానీ ఈ విషవాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా నెత్తుర్ని పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ వేరేవాళ్లు ఆక్రమిస్తే మనకు చోటు ఎక్కడ? అలాగే ఆక్సిజన్‌కు నెత్తురులో చోటు తగ్గిపోతుంది.

కరోనా రోజుల్లో వేలికి పెట్టే చిన్న యంత్రం గుర్తుందా? దాని పేరు ఆక్సీమీటరు. నెత్తురులో ఆక్సిజన్ ఎంత ఉందో అది చూపేది. 94 కంటే తగ్గితే జాగ్రత్త పడమనేవాళ్లు. ఈ యంత్రానికి ఒక లోపం ఉంది. అది విషవాయువును కూడా ఆక్సిజన్ అని పొరబడుతుంది. అప్పుడే పొగ తాగి వచ్చినవాడి వేలికి పెడితే ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపవచ్చు. అంకె బాగుంది కదా అని ధీమాగా ఉంటే మోసపోతాం.

కరోనా ముఖ్యంగా దెబ్బ తీసేది ఊపిరితిత్తుల్నే. పొగ అప్పటికే వాటిని బలహీనం చేసి ఉంటుంది. గుండెనూ, నెత్తుటి గొట్టాలనూ దెబ్బ తీసి ఉంటుంది. పొగ తాగేవాళ్లకు కరోనా వస్తే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని 2020 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

అప్పట్లో ఒక తప్పు మాట కూడా పాకింది. 2020 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ దేశంలో కొందరు పరిశోధకులు నికోటిన్ కరోనాను అడ్డుకుంటుందేమో అని ఒక ఊహ చెప్పారు. అది ఊహ మాత్రమే. కానీ "పొగ తాగేవాళ్లకు కరోనా రాదట" అని జనం చెప్పుకున్నారు. పొగాకు కరోనాను ఆపుతుందనడానికి రుజువు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. తనకు ఇష్టమైన మాటను మనిషి తొందరగా నమ్ముతాడు. అందుకే ఇటువంటి మాటలు వింటే ఎవరు చెప్పారు, రుజువు ఏమిటి అని అడగాలి.

వేప్ అంటే ఏమిటి?

ఇప్పుడు కొత్తరకం పొగ వచ్చింది. దాన్ని ఇ-సిగరెట్ అంటారు. వేప్ అని కూడా అంటారు. చూడటానికి కలంలాగో, చిన్న డబ్బాలాగో ఉంటుంది. లోపల బ్యాటరీ, ఒక ద్రవం ఉంటాయి. బ్యాటరీ ఆ ద్రవాన్ని వేడి చేస్తుంది. ఆవిరి వస్తుంది. దాన్ని పీలుస్తారు. చైనాలో ఒక ఫార్మసిస్టు 2003లో దీన్ని తయారు చేశాడు.

"ఇది నీటి ఆవిరే. ఏమీ కాదు" అని కొందరు చెబుతారు. ఇది అబద్ధం. అది నీటి ఆవిరి కాదు. చాలావాటిలో అదే నికోటిన్ ఉంటుంది. ఊపిరితిత్తులకు మంట, వాపు తెచ్చే రసాయనాలు ఉంటాయి. మామిడి వాసన, పుదీనా వాసన కలుపుతారు. ఆ వాసనకు చదువుకునే పిల్లలు, కుర్రాళ్లు పడిపోతారు.

2019లో అమెరికాలో వేప్ పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బు పెద్దఎత్తున వచ్చింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. వాళ్లలో చనిపోయినవాళ్లు 68 మంది. గంజాయి మత్తు కలిపిన ద్రవాల్లో పోసిన ఒక నూనె దీనికి ముఖ్య కారణమని తేలింది. ఊపిరితిత్తులు గాలి కోసం ఉన్నాయి. నూనె కోసం కాదు.

ఆసుపత్రుల్లో వేప్‌తో ఇంకో చిక్కు ఉంది. సిగరెట్ తాగితే వాసన పట్టిస్తుంది. వేప్ వాసన తొందరగా పోతుంది. అందుకే దాన్ని డ్యూటీ గదిలోనో, మరుగుదొడ్డిలోనో దాచుకుని పీల్చే వీలుంది. బయటికి పోనక్కర లేదు కాబట్టి పీల్చే సార్లు కూడా పెరుగుతాయి. బీడీ మానాలని వేప్ పట్టినవాళ్లలో చాలామంది చివరికి రెండూ తాగుతున్నారు.

రాకెట్‌కూ ఆక్సిజనే, రోగికీ ఆక్సిజనే

శ్రీహరికోట నుంచి ఎగిరే కొన్ని పెద్ద రాకెట్లలో ద్రవ ఆక్సిజన్ వాడతారు. ఆక్సిజన్‌ను సున్నాకు దిగువన 183 డిగ్రీల దాకా చల్లబరిస్తే అది నీళ్లలా మారుతుంది. ఆసుపత్రుల ముందు నిలబెట్టిన పెద్ద ట్యాంకుల్లో ఉండేది కూడా ద్రవ ఆక్సిజనే. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండోసారి విరుచుకుపడింది. ఆక్సిజన్ కోసం దేశమంతా అల్లాడింది. అప్పుడు తమిళనాడులోని మహేంద్రగిరిలో రాకెట్ ఇంజన్లను పరీక్షించే ఇస్రో కేంద్రం ద్రవ ఆక్సిజన్‌ను ఆసుపత్రులకు పంపింది. రాకెట్ కోసం ఉన్న ఊపిరి రోగులకు చేరింది.

ఆ ఊపిరి విలువ ఎంతో తిరుపతి జనానికి తెలుసు. 2021 మే 10 రాత్రి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. ట్యాంకరు రావడం ఆలస్యమైంది. 11 మంది రోగులు చనిపోయారని అప్పుడు అధికారులు ప్రకటించారు. ఆ కాసేపట్లో నర్సులు, డాక్టర్లు, బంధువులు పడ్డ ఆరాటం మాటల్లో చెప్పలేం.

ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ మండేదాన్ని భగ్గుమనిపిస్తుంది. ఆక్సిజన్ పెట్టిన రోగి దుప్పట్లో, దుస్తుల్లో కూడా ఆక్సిజన్ నిలిచి ఉంటుంది. అక్కడ ఒక్క అగ్గిపుల్ల గీస్తే చాలు, బట్ట గడ్డిలా మండిపోతుంది. వేప్‌లో వేడెక్కే తీగ కూడా నిప్పుతో సమానమే. కాబట్టి సిలిండర్ దగ్గర, ఆక్సిజన్ పైపుల దగ్గర, ఆక్సిజన్ పెట్టిన రోగి దగ్గర బీడీ, సిగరెట్, వేప్ ఏవీ పనికిరావు. రాకెట్ ఇంధనం దగ్గర ఉన్న నియమమే ఇక్కడా ఉండాలి.

డాక్టర్లే నేర్పిన పాఠం

ఒకప్పుడు డాక్టర్లు పొగ తాగడం గొప్పగా ఉండేది. 1946లో అమెరికాలో ఒక సిగరెట్ కంపెనీ, డాక్టర్లు ఎక్కువగా తాగేది తమ సిగరెట్టేనని ప్రకటనలు వేసింది. తెల్లకోటు వేసుకున్న డాక్టర్ చేతిలో సిగరెట్ బొమ్మ వేసేవాళ్లు. జనం నమ్మేవాళ్లు.

1951లో ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పని మొదలుపెట్టారు. దేశంలో ఉన్న డాక్టర్లకు ఉత్తరాలు రాశారు. "మీరు పొగ తాగుతారా? ఎంత తాగుతారు?" అని అడిగారు. దాదాపు 40,000 మంది జవాబిచ్చారు. ఆ తర్వాత ఆ డాక్టర్లలో ఎవరు ఏ జబ్బుతో ఎప్పుడు చనిపోయారో లెక్క రాస్తూ పోయారు. కొన్నేళ్లకే తేడా తెలిసిపోయింది. పొగ తాగే డాక్టర్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వచ్చింది. గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయి. ఈ లెక్క 50 ఏళ్లు సాగింది. 2004లో దాని ఫలితం అచ్చయింది. చిన్న వయసులో మొదలుపెట్టి మానకుండా తాగినవాళ్లు, తాగనివాళ్లకంటే సుమారు 10 ఏళ్లు ముందుగా చనిపోయారు.

మంచి కబురు కూడా అందులోనే ఉంది. 60 ఏళ్ల వయసులో మానినవాళ్లకు దాదాపు 3 ఏళ్ల ఆయుష్షు కలిసొచ్చింది. 50 ఏళ్లకు మానితే 6 ఏళ్లు. 40 ఏళ్లకు మానితే 9 ఏళ్లు. 30 ఏళ్లకు మానితే 10 ఏళ్లు. అంటే ఏ వయసులో మానినా లాభమే. ఎంత తొందరగా మానితే అంత లాభం.

ఈ లెక్క చూసి డాక్టర్లలోనే ఎందరో మానేశారు. పొగ కీడు అని లోకానికి రుజువు చేసింది డాక్టర్ల బతుకులే, డాక్టర్ల చావులే. 2005లో పొగాకు వ్యతిరేక దినానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన అంశం కూడా ఇదే. పొగాకుకు ఎదురు నిలవడంలో డాక్టర్లు, నర్సులు ముందు ఉండాలని కోరింది. ఏటా మే 31న ఈ దినం జరుపుతారు.

ఎందుకు వాళ్లే ముందు ఉండాలి? రోగి డాక్టర్ మాట వింటాడు. కానీ మాట కంటే ముందు మనిషిని చూస్తాడు. జేబులో సిగరెట్ పెట్టె కనబడితే, చేతికి పొగ వాసన వస్తే, "మానెయ్యి" అన్న మాట చెవికెక్కదు. సగం మందు మందులో ఉంటే, సగం మందు నమ్మకంలో ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

2001లో సుప్రీంకోర్టు ఆసుపత్రులతో సహా బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2003లో పార్లమెంటు పొగాకు చట్టం చేసింది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం నియమాలు గట్టిగా అమల్లోకి వచ్చాయి. ఆసుపత్రిలో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. 18 ఏళ్లలోపు పిల్లలకు పొగాకు అమ్మకూడదు.

ఇ-సిగరెట్లను 2019లో దేశమంతా నిషేధించారు. తయారు చేయడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం, నిలవ చేయడం, ప్రకటనలు వేయడం నేరం. తయారుచేసి, అమ్మి మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

చట్టం గోడ మీద బోర్డు పెట్టగలదు. కానీ ఆ బోర్డు కింద నిలబడి తాగేవాడికి చట్టం ఒక్కటే చాలదు. మానడానికి సాయం కావాలి.

మానడం ఎలా?

మానడం కష్టమే. కానీ లక్షల మంది మానారు. ఇలా చేయవచ్చు.

ఒక రోజు పెట్టుకోండి. ఆ రోజు నుంచి ముట్టనని ఇంట్లోవాళ్లకు, తోటివాళ్లకు చెప్పండి. ఇంట్లో, జేబులో ఉన్న బీడీలు, అగ్గిపెట్టె, వేప్ అన్నీ పారేయండి.

మొదటి రెండు మూడు రోజులు బాగా కష్టంగా ఉంటుంది. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఇది జబ్బు కాదు. ఒంట్లోంచి నికోటిన్ పోతున్నదని గుర్తు. రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది.

తాగాలనే కోరిక అలలా వస్తుంది. కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు దాటించండి. మంచినీళ్లు మెల్లగా తాగండి. గట్టిగా ఊపిరి పీల్చి వదలండి. నాలుగడుగులు నడవండి. సోంపు గింజలో, ఏలకులో నోట్లో వేసుకోండి. ఎవరితోనైనా మాట్లాడండి.

టీ తాగగానే సిగరెట్ అలవాటా? కొన్నాళ్లు టీ వేరే చోట తాగండి. వెనక గోడ దగ్గరికే పోయే అలవాటా? ఆ దారి మార్చండి.

మరీ కష్టంగా ఉంటే డాక్టర్ని అడగండి. నికోటిన్ చూయింగ్ గమ్ములు, మందులు ఉన్నాయి. ప్రభుత్వం 1800-11-2356 అనే ఉచిత ఫోను నంబరు పెట్టింది. ఆ నంబరుకు ఫోను చేస్తే మానడానికి సలహా ఇస్తారు. డబ్బు ఖర్చు లేదు.

ఒకసారి జారినా నిరుత్సాహపడవద్దు. చాలామంది రెండు మూడుసార్లు ప్రయత్నించాకే మానగలిగారు.

మానితే ఫలితం వెంటనే మొదలవుతుంది. 20 నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది. 12 గంటల్లో నెత్తురులో విషవాయువు మామూలు స్థాయికి దిగుతుంది. కొన్ని వారాల్లో ఊపిరితిత్తులు మెరుగుపడతాయి. కొన్ని నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. ఏడాదికి గుండెజబ్బు ముప్పు సగానికి తగ్గుతుంది.

బరువు ఒక్కరిదే కాదు

మానాల్సింది తాగే మనిషే. కానీ అతన్ని ఆ గోడ దగ్గరికి తోసినవి చాలా ఉన్నాయి. ఎడతెగని డ్యూటీలు, నిద్రలేని రాత్రులు, భయం, ఒంటరితనం. వాటిని తగ్గించడం ఆసుపత్రి నడిపేవాళ్ల పని. డ్యూటీకి డ్యూటీకి నడుమ కూర్చుని ఊపిరి తీసుకోవడానికి ఒక గది ఉండాలి. తాగడానికి నీళ్లు, తినడానికి ఇంత తిండి ఉండాలి. బాధ చెప్పుకుంటే వినే మనిషి ఉండాలి. కిందిస్థాయి కార్మికులకు కూడా ఇవన్నీ అందాలి. విశ్రాంతి దొరకని చోట బీడీయే విశ్రాంతి అవుతుంది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. కరోనా కాలంలో పట్టిన బీడీ, పెరిగిన సిగరెట్ మాత్రం వాటంతట అవి పోవు. రేపు ఇంకో అంటువ్యాధి రావచ్చు. అప్పుడు కూడా మన మంచం పక్కన నిలబడేది ఈ నర్సమ్మలు, ఈ వార్డుబాయిలు, ఈ డాక్టర్లే. మనకు ఊపిరి పోసేవాళ్ల ఊపిరి బాగుండాలి. అది వాళ్లకూ మేలు, మనకూ మేలు.

గుర్తుంచుకోండి

పొగ టెన్షన్ తగ్గించదు. తాను పుట్టించిన చిరాకునే కాసేపు తగ్గిస్తుంది.

పొగ తాగేవాళ్లకు కరోనా వస్తే ముదిరే ముప్పు ఎక్కువ.

వేప్ ఆవిరి నీటి ఆవిరి కాదు. మన దేశంలో దాన్ని అమ్మడం నేరం.

ఆక్సిజన్ ఉన్న చోట నిప్పు ఉండకూడదు.

ఏ వయసులో మానినా లాభమే.

మాట్లాడుకోండి

మీ ఊరి ఆసుపత్రిలో పొగ తాగరాదని బోర్డు ఉందా? ఆ నియమం అమలవుతోందా?

అక్కడ పని చేసేవాళ్లు కాసేపు కూర్చోవడానికి చోటు ఉందా?

మీ ఇంట్లో, మీ వీధిలో పొగ మానినవాళ్లు ఉన్నారా? ఎలా మానారో వాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది నాలుగు వాక్యాల్లో రాయండి.

రోజుకు ఒక కట్ట బీడీలకు ఎంత ఖర్చవుతుంది? నెలకు ఎంత? ఏడాదికి ఎంత? లెక్క వేసి చూడండి.